పైనుంచి వచ్చిన మాట

“ఒట్టేస్తే మీ నోరేం పడిపోదు!”

భార్య ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ధడేల్మని పెట్టి వదిలేసింది. కాలర్ దగ్గర సన్నగా పొగ లేచింది. ఇద్దరూ చూశారు. ఇద్దరూ కదల్లేదు.

మేస్త్రీ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. కడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ కడుతున్నాడు. పదింటికి విచారణ. ఇప్పుడు టైము ఏడున్నర. పొద్దున ఐదింటి నుంచీ ఇంట్లో ఇదే రభస.

“నోరు పడిపోతుందని కాదే,” అన్నాడు. “చూడనిదాన్ని చూశానని ఎలా చెప్పమంటావు? అదీ దేవుడి మీద ఒట్టేసి!”

“అదే నేనూ అనేది! మీకు దేవుడు లేడుగా! లేనివాడి మీద ఒట్టేస్తే మీకొచ్చిన నష్టమేంటి? నేనేస్తే నాకు పాపం. మా తమ్ముడేస్తే వాడికి పాపం. మీరు ఒకటి కాదు, నలభై ఒట్లేసినా అడిగేవాడెవడు?”

మేస్త్రీ చేతిలో బూటు తాడు తెగింది. నిజంగానే తెగింది.

“లేడని నేనెప్పుడన్నానే?”

“పెళ్ళైన కాడి నుంచీ అంటూనే ఉన్నారుగా!”

“తెలీదన్నాను! పాతికేళ్ళ నుంచీ అదొక్కటే అంటున్నాను. ఉన్నాడేమో తెలీదు, లేడేమో తెలీదు. నాకు తెలీదు అన్నాను. దానికీ దీనికీ తేడా లేదా?”

“గోడ మీద పిల్లి!” అంది ఆవిడ. “అటు దూకరు, ఇటు దూకరు. ఇంట్లోవాళ్ళ ప్రాణం మీదికొచ్చినప్పుడన్నా దూకండి!”

ఇది నిజానికి కొత్త తిట్టు కాదు. ఇంటా బయటా అందరూ అనేదే. లిఫ్టులు బాగుచేసే వాళ్ళల్లో ఆయన్ని ‘తెలీదు మేస్త్రీ’ అనే పిలుస్తారు. ‘మేస్త్రీ, ఈ మోటారు ఇంకో ఏడాది లాగుతుందా?’ అంటే, ‘తెలీదు, విప్పి చూస్తే చెప్తా’ అంటాడు. ‘మేస్త్రీ, చచ్చాక ఏమవుతాం?’ అంటే కూడా ఇంచుమించు అదే జవాబు. కాకపోతే విప్పి చూసే వీలు లేదంటాడు. అందరూ నవ్వుతారు. ఇరవై రోజుల కిందటి దాకా ఆయనా నవ్వేవాడు.

ఇరవై రోజుల కిందట ఆ ఆరంతస్తుల ఆఫీసు బిల్డింగులో ఒక పెద్దావిడ బకెట్టు పట్టుకుని లిఫ్టులో అడుగుపెట్టింది. రోజూ నేలలు తుడిచే మనిషి. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. తలుపు తీసున్న లిఫ్టు ఉన్నట్టుండి కదిలిపోయింది. బ్రేకు పట్టలేదు.

కూతురు గదిలోంచి వచ్చింది. నర్సు ట్రైనింగు పిల్ల, తెల్ల బట్టలేసుకుని డ్యూటీకి తయారైంది. ప్లగ్గు పీకేసి, మాడిన చొక్కా ఎత్తి చూసి పక్కన పడేసింది.

“ఆవిడ మా వార్డులోనే ఉందమ్మా,” అంది. “మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. నీకు చెప్పాను కదా. చెప్పినా నువ్వు ఒట్టు గురించే మాట్లాడుతున్నావ్.”

“నాకు బాధ లేదంటావా? నేను రాయినా? ఆవిడ కాలు ఎలాగూ తిరిగి రాదు. నా తమ్ముడి బతుకన్నా నిలబడొద్దా? లైసెన్సు పీకేస్తారు. కేసు పెడతారు. వాడికి ఇద్దరు పసిపిల్లలు!”

“ఆవిడ బరువెక్కువ వేసిందనీ, తలుపుకి బకెట్టు అడ్డం పెట్టిందనీ ఆ బిల్డింగు మేనేజరు రాసిచ్చాడటగా. నాన్న బ్రేకు బాగుందని ఒట్టేస్తే అదే ఖాయమవుతుంది. తప్పంతా ఆవిడదే అవుతుంది. కాలూ పోయి, తప్పూ మోసి, ఎక్కడికెళ్తుంది?”

“నువ్వు డ్యూటీకి పోవే! పెద్దవాళ్ళ మాటల్లో నీకేం పని?”

పిల్ల తల్లి మీద కోపం తండ్రి మీదికి తిప్పింది. “నువ్వూ తక్కువ తినలేదు నాన్నా. చూడందే నమ్మనంటావు కదా ఎప్పుడూ. మరి ఆ రోజు పుస్తకంలో ‘బ్రేకు బాగుంది’ అని ఎందుకు రాశావు? చూశావా?”

మేస్త్రీ తెగిన బూటు తాడు ముడేసుకోసాగాడు.

ఆ పద్ధతి అలాంటిది మరి. లిఫ్టు పరీక్ష నెలకోసారి. ఇద్దరు వెళ్ళాలి. ఒకడు డాబా మీద మోటారు గదిలో, ఒకడు కింద గోతిలో. బ్రేకు ఉండేది పైన, మోటారు పక్కన. పరీక్ష పుస్తకం వేలాడేది కింద, గేటు పక్కన. పైవాడు బ్రేకు పట్టీలు చూసి, గొట్టంలాంటి ఆ లిఫ్టు దారిలోకి వంగి ‘బ్రేకు ఓకే!’ అని కేకేస్తాడు. కిందవాడు రాసేస్తాడు. ఎన్నేళ్ళ నుంచో ఇంతే. ప్రతిదానికీ ఆరంతస్తులు ఎక్కి దిగేంత ఓపిక ఎవడికుంది?

ఆ నెల పరీక్ష ప్రమాదానికి పది రోజుల ముందు జరిగింది. పైకెళ్ళాల్సింది బావమరిది. కింద ఉన్నది మేస్త్రీ. కేక వచ్చింది. రాశాడు.

ప్రమాదం జరిగిన రోజు మేస్త్రీయే డాబా ఎక్కి చూశాడు. బ్రేకు పట్టీలు అరిగి అరిగి లోపలి ఇనుము బయటపడింది. అది పది పదకొండు రోజుల్లో అరిగే అరుగుడు కాదు. నెలల అరుగుడు. చూసిన కళ్ళుంటే కనపడకుండా ఉండదు. అంటే వాడు చూడకుండా అరిచాడా? చూసి కూడా ఓకే అన్నాడా? అసలు డాబా ఎక్కాడా?

ఆ దారిలో గొంతు ఒక తమాషా. డాబా మీంచి అరిచినా, ఆరో అంతస్తు గుమ్మంలో నిలబడి అరిచినా కిందికి ఒకేలా దిగుతుంది. గుహలోంచి వచ్చినట్టు, పెద్దగా, గంభీరంగా. ఎవరికైనా నమ్మబుద్ధి వేస్తుంది.

“మాట్లాడవేం నాన్నా?”

“పోవే నువ్వు!” అని ఈసారి తండ్రి కసిరాడు. పిల్ల తలుపు విసురుగా వేసి వెళ్ళిపోయింది. గోడకున్న దేవుడి పటం కొంచెం పక్కకి ఒరిగింది. భార్య వెళ్ళి సరిచేసింది. సరిచేసిన చెయ్యి అక్కడే ఉంచి కాసేపు అలాగే నిలబడింది.

ఎనిమిదింటికి బావమరిది వచ్చాడు. తలదువ్వుకుని, తెల్లచొక్కా టక్ చేసుకుని, ఏదో ఇంటర్వ్యూకి పోయేవాడిలా. వస్తూనే పటం ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రీ కళ్ళు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాడు.

“ఏరా, అయిందా?”

“అయింది బావా.”

“ఏమన్నాడు?”

“ఎవరు?”

“ఆయనే. బ్రేకు గురించి ఏమన్నా చెప్పాడా?”

“ఏమండీ!” అని వంటింట్లోంచి అరిచింది భార్య. “ఎకసెక్కాలు నాతో పెట్టుకోండి. దేవుడితో వద్దు!”

బావమరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాలు ఊపుతున్నాడు. “బావా, అక్క చెప్పిందిగా. నువ్వు ఒక్క మాట చెప్తే అయిపోద్ది. పుస్తకంలో ఉన్నది నీ చేతిరాత. నువ్వు సీనియర్‌వి. నువ్వు బాగుందంటే నన్ను పిలవను కూడా పిలవరు.”

“నువ్వు పైకెళ్ళావా?”

“ఎన్నిసార్లు అడుగుతావు బావా?”

“నువ్వు ఒక్కసారి సరిగ్గా చెప్పేదాకా.”

“వెళ్ళాను! దేవుడి తోడు వెళ్ళాను! చాలా?”

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది.

మేస్త్రీ అటు తిరిగి చూశాడు. అప్పుడు తట్టింది ఆయనకి. పొద్దున ఐదింటి నుంచీ ఈవిడ వెయ్యి మాటలంది. వాడి పిల్లలంది, వాడి బతుకంది, తల్లి పోతే పదేళ్ళవాణ్ణి చంకనేసుకుని పెంచానంది. ‘మా తమ్ముడు పైకెళ్ళాడు’ అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ప్రమాదం జరిగిన సాయంత్రం వీడొచ్చి, అక్కా తమ్ముళ్ళిద్దరూ ఆ వంటింటి తలుపు మూసుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. ఏంటని అడిగితే ‘ఏం లేదు, ఏడుస్తున్నాడు’ అంది.

“ఏమే, నువ్వు చెప్పు,” అన్నాడు. “వీడు డాబా ఎక్కాడా?”

“నన్నడుగుతారేంటి? నేనక్కడున్నానా?”

పొద్దుట్నుంచీ ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడింది ఈ ఒక్క ముక్కే.

“చూశావా!” అని బావమరిది లేచాడు. “నన్ను నమ్మవు, అక్కని నమ్మవు, దేవుణ్ణి నమ్మవు. నీకు నీ పానా ఒక్కటే దేవుడు బావా! మనిషివా, మిషనువా?”

“మిషనే అయితే బాగుండేదిరా! మిషను చూడనిది రాయదు!” కుర్చీ వెనక్కి పడేలా లేచాడు మేస్త్రీ. “నీ గొంతు విని రాశాను. ఆవిడ కాలు నీ నోట్లోంచి పోయింది, నా చేతిలోంచి పోయింది. నిద్ర పడుతోందిరా నీకు? నాకు పట్టట్లేదు. కళ్ళు మూస్తే ‘ఓకే’ అని వినబడుతోంది!”

బావమరిది కాలు ఊపడం మానేశాడు. ఒక్క క్షణం వాడి మొహంలో పదేళ్ళ పిల్లాడు కనపడ్డాడు. అంతలోనే మాయమైపోయాడు.

“అక్కా, నేను బయటుంటా,” అని వెళ్ళిపోయాడు.

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “నేనూ వస్తున్నాను,” అంది.

“నువ్వెందుకు?”

“మీరేం చెప్తారో నా చెవులతో వినాలి.”

విచారణ గది చిన్నది. ఒక బల్ల, నాలుగు బెంచీలు, కటకటమని తిరిగే ఫ్యాను. బల్ల వెనక ఆఫీసరు, కళ్ళజోడు ముక్కు కొసకి జారిపోయి ఉంది. ఆయన ముందు ప్లాస్టిక్ కవరులో ఒక అట్టముక్క. దాని మీద ఒట్టు అచ్చువేసి ఉంది. పక్కన బిల్డింగు మేనేజరు, చంకలో ఫైలు.

పెద్దావిణ్ణి చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఒళ్ళో దుప్పటి. దుప్పటి కింద ఒకవైపు ఎత్తుగా ఉంది, ఒకవైపు పల్లంగా ఉంది. ఎవరూ అటు చూడకుండా అందరూ అటే చూశారు.

ముందు ఆవిణ్ణే అడిగారు. ఒట్టు చదవడం రాదంటే గుమస్తా చదివాడు, ఆవిడ వెనకాలే పలికింది. దేవుడి ఎదుట నిజమే చెప్తాను. ఆ మాట దగ్గర ఆవిడ కళ్ళు మూసుకుంది.

“ఏం జరిగిందమ్మా?”

“బకెట్టు పట్టుకుని కాలు పెట్టానయ్యా. అంతే. తర్వాత ఆసుపత్రిలోనే లేచాను.”

“ఎవరి తప్పనుకుంటున్నావు?”

ఆవిడ దుప్పటి సర్దుకుంది. “ఎవర్నంటానయ్యా? దేవుడు ఊరికే కాలు తీసుకోడుగా. నేనేదో తప్పు చేసే ఉంటాను. ఏంటో గుర్తు రావట్లేదు. మంచం మీద పడుకుని అదే ఎతుక్కుంటున్నాను, చిన్నప్పట్నుంచీ ఏమేం చేశానా అని. ఒకసారి మా తోటికోడల్ని తిట్టాను. ఒకసారి అద్దం పగలగొట్టి గాలికి పడిందని చెప్పాను. వాటికి కాలు తీసుకుంటాడా? ఇంకేదో పెద్దదే చేసుంటాను…”

“చూశారా సార్,” అన్నాడు మేనేజరు. “తప్పు తనదేనని ఆవిడే ఒప్పుకుంటోంది.”

“నువ్వు నోరు ముయ్యి!” మేస్త్రీ బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. “అమ్మా, మీరే తప్పూ చెయ్యలేదు! వెతకడం మానెయ్యండి!”

“కూర్చోవయ్యా! నీ వంతు రాలేదు!” అని ఆఫీసరు బల్ల చరిచాడు.

కూర్చున్నాడు. పక్కనే భార్య. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. ఆవిడ చూపు ఆ దుప్పటి పల్లం మీంచి కదలట్లేదు.

“తర్వాత, పైన బ్రేకు చూసినతను,” అని ఆఫీసరు బావమరిదిని పిలిచాడు.

భార్య ఉలిక్కిపడింది. ఇది వాళ్ళనుకున్న లెక్కలో లేదు. మొగుడు చెప్పేస్తే తమ్ముణ్ణి పిలవరనుకుంది. దేవుడి పేరు ఎత్తాల్సిన అవసరం తమ్ముడికి రాదనుకుంది.

బావమరిది వెళ్ళాడు. అట్టముక్క మీద చెయ్యి పెట్టాడు. తడబడలేదు. గడగడా చదివేశాడు.

“డాబా ఎక్కావా?”

“ఎక్కాను సార్.”

“బ్రేకు చూశావా?”

“నా కళ్ళతో చూశాను సార్. బాగుంది. దేవుడి సాక్షిగా చెప్తున్నా. ఆ తర్వాత పది రోజుల్లో ఎవరెంత బరువేశారో నాకేం తెలుసు?”

అని చక్రాల కుర్చీ పక్క నుంచే నడిచి వచ్చి కూర్చున్నాడు. పెద్దావిడ అతని వంక చూసి తలూపింది. అవును బాబూ, నేనే ఎక్కువేశానేమో అన్నట్టు.

మేస్త్రీ వంతు వచ్చింది.

“అట్ట మీద చెయ్యి పెట్టి చదువు.”

“నిజం చెప్తానండి. ఆ మొదటి ముక్క మాత్రం చదవలేను.”

“ఏ ముక్క?”

“దేవుడి ఎదుట అన్న ముక్క.”

ఆఫీసరు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. “దేవుడు లేడంటావా?”

“అనలేదండి.”

“ఉన్నాడంటావా?”

“అదీ అనలేదండి.”

“మరేంటయ్యా నీ బాధ?”

“తెలీదండి. ఆయన ఎదుట ఉన్నాడో లేడో తెలీకుండా ఎదుట అని చెప్పడం అబద్ధం కదండీ. నిజం చెప్తానని అబద్ధంతో మొదలుపెట్టమంటారా?”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరుకి తిక్క రేగింది. “నీలాంటివాడొకడు తగులుతాడనే పొద్దున్నే మా ఆవిడ సెలవు పెట్టమంది. ఏమయ్యా గుమస్తా, మనస్సాక్షి అని ఉండే అట్ట ఇంకోటుండాలి, ఏదీ?”

గుమస్తా సొరుగులన్నీ లాగాడు. “ఎప్పుడూ ఎవరూ అడగలేదండి. ఎక్కడో పడిపోయింది.”

“మనస్సాక్షి ఎక్కడో పడిపోయిందట! సరే, నోటితోనే చెప్పేడువు.”

“నా మనసుకి తెలిసిందే చెప్తాను. తెలీనిది తెలీదంటాను,” అన్నాడు మేస్త్రీ. “బరువెక్కువైందన్నది అబద్ధమండి. అది నాకు తెలుసు.”

“ఎలా?”

“లిఫ్టుకి అవతలివైపు ఎదురు బరువు ఒకటి వేలాడుతుందండి. ఖాళీ లిఫ్టు కన్నా అదే ఎక్కువ బరువు. బ్రేకు పట్టకపోతే ఖాళీ లిఫ్టుని అది పైకి లాగేస్తుంది. లిఫ్టు కిందికి జారాలంటే లోపల ఆరేడుగురి బరువుండాలి. ఆ రోజు ఈవిడ కాలు ఇరుక్కుంది ఎక్కడ? గుమ్మం పై చట్రం దగ్గర. లిఫ్టు పైకి పోయిందండి! నేనే వెళ్ళి విడిపించాను. ఒక మనిషీ, ఒక బకెట్టూ ఉన్న లిఫ్టు పైకి పోయిందంటే అది బ్రేకు తప్పు. ఆవిడదీ కాదు, ఆవిడ తోటికోడలిదీ కాదు, అద్దానిదీ కాదు!”

మేనేజరు ఫైలు తెరిచి మూశాడు. పెద్దావిడ నోరు కొంచెం తెరుచుకుని ఉండిపోయింది.

“అంటే బ్రేకు బాగాలేదంటావు,” అన్నాడు ఆఫీసరు. “పుస్తకంలో బాగుందని రాసిందెవరు?”

“నేనే.”

“చూసి రాశావా?”

“లేదండి.”

“చూడకుండానే?”

“కింద గోతిలో ఉన్నానండి. పైనుంచి ఒక గొంతొచ్చింది. ఓకే అంది.” మేస్త్రీ తల పైకెత్తి చూశాడు. “దేవుడి గురించి ఎవరేం చెప్పినా, చూడందే నమ్మనని పాతికేళ్ళు వాదించానండి. ఆ రోజు పైనుంచి వచ్చిన ఒక్క కేక నమ్మి రాసేశాను. దానికి ఏ శిక్షయినా నాకు వెయ్యండి.”

“నీ సంగతి తర్వాత. ఆ గొంతు నీ బావమరిదిదేనా?”

“వాడిదేనండి.”

“అతను డాబా మీంచే అరిచాడా, ఎక్కకుండా అరిచాడా?”

మేస్త్రీ తిరిగి బావమరిది వంక చూశాడు. తెల్లచొక్కా, దువ్విన తల, మళ్ళీ ఊగుతున్న కాలు. దేవుడి సాక్షిగా అని గడగడా చదివిన నోరు. ఎక్కలేదు! దొంగ వెధవ, ఎక్కనే లేదు! అన్న మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. ఒక్క మాటతో తేలిపోతుంది. అందరూ నమ్ముతారు కూడా.

కానీ చూశాడా? చూడలేదు. చూడనిది చెప్పినందుకేగా ఆవిడ కాలు పోయింది.

పళ్ళు కొరుక్కుని అన్నాడు.

“తెలీదండి.”

ఈసారి బెంచీలన్నీ నవ్వాయి. మేనేజరు నవ్వాడు. గుమస్తా సొరుగులో తల పెట్టుకుని నవ్వాడు. బావమరిది ఊపిరి వదిలాడు, గది అంతటికీ వినపడేలా. ఆఫీసరు కలం మూత పెట్టేశాడు.

“పైకెళ్ళినవాడు చూశానంటున్నాడు. కిందున్నవాడు తెలీదంటున్నాడు. ఇంకేముంది రాయడానికి? అమ్మా, మీరు వెళ్ళొచ్చు.”

పెద్దావిడ కుర్చీ తిప్పబోయారు. “ఆగు నాయనా,” అంది తోసేవాడితో. తర్వాత మేస్త్రీ వంక తిరిగి, చాలా నెమ్మదిగా అడిగింది. “బాబూ, నేను తప్పు చెయ్యకపోతే మరి దేవుడెందుకు చేశాడంటావు?”

‘తెలీదు’ అన్న ఒక్క మాటే ఉంది మేస్త్రీ దగ్గర. అది ఆవిడకివ్వడానికి మనసొప్పలేదు.

“దేవుడు కాదమ్మా.”

వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. ఎవరా అని అందరూ తిరిగారు. భార్య లేచి నిలబడి ఉంది.

“మీరెవరు?” అన్నాడు ఆఫీసరు.

“ఆయన భార్యని. వాడికి అక్కని.” బెంచీల మధ్య నుంచి ముందుకి వచ్చింది. “ఆ అట్ట ఇలా ఇవ్వండి.”

“అక్కా!” బావమరిది బెంచీ దూకినంత పని చేశాడు. “అక్కా, నీకు పిచ్చా? నువ్వు నాకు మాటిచ్చావు!”

“ఇచ్చాన్రా.”

“పటం ముందు చెయ్యి పెట్టి ఇచ్చావు! ఎవరికీ చెప్పనని ఒట్టేశావు!”

గదిలో నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. ఆఫీసరు కలం మూత తీశాడు. బావమరిదికి అప్పుడు అర్థమైంది తన నోటితో తనే ఏమన్నాడో. తిరిగి కూర్చోలేదు, ముందుకి రాలేదు. దొంగకి తేలు కుట్టినట్టు అక్కడే నిలబడిపోయాడు.

“ఒట్టేశాను,” అంది ఆవిడ. తమ్ముడి వంక చూడట్లేదు. “నేను ఒట్టు నిలబెట్టుకుందామనే చూశాన్రా. పాపం నీకంటకూడదని మీ బావని నరకంలోకి తొయ్యాలని చూశాను. నువ్వేమో పొద్దున నా ఎదురుగా దేవుడి తోడన్నావు. ఇక్కడ చెయ్యి పెట్టి మళ్ళీ అన్నావు. ఆవిడ పక్క నుంచే నడిచొచ్చావు. ఆవిడ నీకు తలూపింది. చూశావా? నీకు తలూపింది!”

అట్టముక్క మీద చెయ్యి పెట్టింది. దేవుడి ఎదుట అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయింది. మొగుడి వైపు తిరిగింది.

“ఏమండీ,” అంది. పొద్దుటి అరుపులేవీ లేవు ఆ గొంతులో. “ఆయన ముందు ఇచ్చిన మాట తప్పితే పాపమా? ఆయన ముందే నిజం దాస్తే పాపమా?”

పాతికేళ్ళలో ఆవిడ ఆయన్ని దేవుడి గురించి ఏదన్నా అడగడం ఇదే మొదలు. మేస్త్రీ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

“తెలీదే,” అన్నాడు.

“నాకూ తెలీదండీ.”

అని ఆఫీసరు వైపు తిరిగి, అట్ట మీద చెయ్యి గట్టిగా అదిమింది.

“రాసుకోండి.”